మూత బిగించని ఉప్పు సీసా

ముందుగా ఒక మాట. అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి. ఒకచోట ఉండాల్సిన ఒత్తు ఇంకొకచోట కనిపిస్తే చదివేవాళ్లు సర్దుకోండి. నెమ్మదిగా రాస్తాను కాబట్టి కథ కూడా నెమ్మదిగానే నడుస్తుంది. ఇందులో అత్తగారు అని వచ్చేది నేనే. నేను, నేను అని రాసుకుంటూ పోతే కథ నాదైపోతుంది. ఇది కోడలి కథ.

కోడలు లిఫ్టు కోసం నిలబడి ఉండగా ఫోను మోగింది. అవతల ఉన్నది అనుమానం.

అనుమానం అంటే మనిషే. కోడలు పనిచేసే ల్యాబులో ఒకప్పుడు చదువుకున్న పిల్ల. సీసా మీద నీళ్లు అని రాసి ఉన్నా మూత తీసి వాసన చూసేది కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. ఇప్పుడు వేరే ఊళ్లో, వేరే ల్యాబులో ఉద్యోగం చేస్తోంది. కోడలిని అప్పుడూ ఇప్పుడూ అక్కా అనే పిలుస్తుంది.

"అక్కా, ఒక మాట చెబుతాను, కోప్పడకూడదు."

"కోప్పడే మాటైతే కోప్పడతాను. చెప్పు."

"నీ గొట్టం మా దగ్గర అబద్ధాలాడుతోంది."

"అంటే?"

"అడక్కముందే అవునంటోంది. ఏమీ పొయ్యకుండా ఊరికే పెట్టినా వెలుగుతోంది."

"చేతులు కడుక్కుని చేశావా?"

"అక్కా!"

గొట్టం సంగతి ఇక్కడ చెప్పాలి. కోడలు చేసేది కంప్యూటరే. కానీ దానికి తెర ఉండదు, మీటలుండవు. చిటికెన వేలంత ప్లాస్టిక్ గొట్టంలో నాలుగు చుక్కల నీళ్లు, ఆ నీళ్లలో డీఎన్ఏ పోగులు. మన ఒంట్లో ఉండే డీఎన్ఏ లాంటిదే, కాకపోతే ఇవి కావలసిన వరసలో తయారుచేయించుకున్న పొట్టి పోగులు. ప్రతి పోగుకీ ఒక జత పోగు ఉంటుంది. జత దొరికితే అతుక్కుంటుంది. అంతకంటే బాగా కుదిరే జత వస్తే పాతదాన్ని వదిలేసి కొత్తదాన్ని పట్టుకుంటుంది. ఆ వదలడంలో, పట్టుకోవడంలోనే లెక్క జరిగిపోతుంది. కోడలి గొట్టంలో ముగ్గురు ఓటేస్తారనుకోండి, ఓటంటే బయటినుంచి పోసే ఒక పోగు. ఇద్దరైనా అవునంటే పచ్చగా వెలగాలి. ఒక్కరే అన్నా, ఎవరూ అనకపోయినా చీకటిగా ఉండిపోవాలి. ముందు ముందు ఒక రక్తపు చుక్కలో మూడు జబ్బు గుర్తులుంటే వాటిలో రెండైనా ఉన్నాయా లేదా అన్నది ఇలాంటి గొట్టమే చెప్పేస్తుందని వాళ్ల ఆశ.

ఇదంతా విన్నరోజున అత్తగారు, "పాతదాన్ని వదిలి కొత్తదాన్ని పట్టుకోవడం లెక్కెట్లా అవుతుందమ్మాయ్, అది గుణం కదా?" అంది. కోడలు నవ్వి, "ఆ గుణాన్నే లెక్కకు వాడుకుంటున్నాం అత్తయ్యా" అంది.

గొట్టం ఎక్కడ పెట్టినా అరగంటలో జవాబు చెబుతుందనీ, ఒక్కసారి కూడా తప్పుగా వెలగలేదనీ కోడలు, వాళ్ల పెద్దసారు కలిసి రాసిన వ్యాసం పెద్ద పత్రికలో అచ్చయింది. దాన్ని చూసే కోడలిని పర్మినెంటు ఉద్యోగానికి ఇంటర్వ్యూకి పిలిచారు. అప్పటిదాకా ఆమెది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. మా అబ్బాయి లిఫ్టులు బాగుచేస్తాడు. ఇంట్లో పైకీ కిందికీ తిరిగే ఉద్యోగం వాడిదైతే, ఒకచోట కుదురుగా ఉండే ఉద్యోగం కోసం తాపత్రయం ఆమెది. ఇప్పుడు వేరే ల్యాబు వాళ్లు, మాకది పనిచెయ్యలేదు అని పత్రికకు రాస్తే ఆ వ్యాసం నిలవదు. వ్యాసం నిలవకపోతే ఇంటర్వ్యూకి వెళ్లి చేసేదేమీ లేదు.

"మా బాస్ రాసేద్దామంటున్నారు" అంది అనుమానం. "నేనే ఆపాను. ఒకసారి అక్క దగ్గరికి వెళ్లి, పక్కపక్కన కూర్చుని చేసి చూసొస్తానన్నాను. రమ్మంటావా?"

"నన్నడుగుతావేంటి, వచ్చెయ్. నా దగ్గరది రోజూ పనిచేస్తూనే ఉంది."

నిజమే, పనిచేస్తూనే ఉంది. ఫోను పెట్టేసి ల్యాబులోకి వెళ్లిన కోడలు ఆ రోజే మళ్లీ చేసింది. వెలగాల్సినవి వెలిగాయి, మిగతావి చీకటిగా ఉన్నాయి. అయితే తప్పు అవతలి వాళ్లదే అనుకుంది. అక్కడి గది వేడి తేడాగా ఉందేమో, నీళ్లలో ఏదైనా కలిసిందేమో, పోగులు కొన్నచోట సరిగ్గా శుభ్రం చేయలేదేమో. ఈ గొట్టాలకు వంకలు చాలా. గది కాస్త వేడెక్కితే పోగులు తొందరపడతాయి, చల్లబడితే బద్ధకిస్తాయి. చేతి చెమట తగిలితే ముక్కలైపోతాయి. వెలుగులో ఎక్కువసేపు ఉంచితే రంగు వెలిసిపోతుంది. చంటిపిల్లను సాకడం నయం అంటుంది కోడలు.

చుట్టాలొస్తున్నారంటే ఇల్లు సర్దినట్టు అనుమానం వచ్చేలోపు ల్యాబు సర్దుదామనుకుంది. బల్లలు తుడిచింది. గొట్టాలు పెట్టే వేడి దిమ్మను సరిచూసింది. పాత సీసాలన్నీ ఒక డబ్బాలో సర్ది బల్ల కిందికి తోసింది. కొత్త నీళ్లు, కొత్త మందులు, కొత్త ఉప్పు తెప్పించి, సీళ్లు తీసి అన్నీ కొత్తగా కలిపింది. ఒక్క మరక లేదు, పేరు చెరిగిపోయిన సీసా ఒక్కటీ లేదు. అన్నీ సరిగ్గా ఉన్నాయని నిర్ధారణ చేసుకోవడానికి ఒక వరస గొట్టాలు పెట్టి, వెలుగు కొలిచే యంత్రం నడిపింది.

ఏ ఓటూ వెయ్యని గొట్టం పచ్చగా వెలిగింది.

పొరపాటున ఏదైనా పోశానేమోనని మళ్లీ చేసింది. మళ్లీ వెలిగింది. ఒక్క ఓటు వేసినది ఇంకా దేదీప్యమానంగా వెలిగింది. అనుమానం ఫోనులో చెప్పిన అబద్ధాలన్నీ ఇప్పుడు కోడలి బల్ల మీదే వరసగా కూర్చున్నాయి.

ఆమె కాసేపు కుర్చీలో కూర్చుంది. తరవాత బల్ల కింది డబ్బా బయటికి లాగింది. కొత్త నీళ్లు తీసేసి పాత నీళ్లతో చేసింది. అబద్ధమే. పాత మందుతో చేసింది. అబద్ధమే. పాత ఉప్పుతో చేసింది. గొట్టాలన్నీ బుద్ధిగా నిజం చెప్పాయి.

ఉప్పంటే వంటింటి ఉప్పు కాదు, మెగ్నీషియం ఉప్పు. డీఎన్ఏ పోగులకు ఒకదాన్నొకటి తోసుకునే స్వభావం ఉంది. ఉప్పు వాటిని సముదాయించి దగ్గరకు చేరుస్తుంది. తక్కువైతే అవి దగ్గరకే రావు, లెక్క తెల్లవార్లూ సాగుతుంది. ఎక్కువైతే కనిపించినదాన్నల్లా కావలించుకుంటాయి, జత కానిదాన్ని కూడా. అప్పుడే గొట్టం అడక్కముందే అవునంటుంది.

కానీ కోడలు రెండు సీసాల్లోంచీ ఒకే తూకం వేసింది. తూకం ఒకటే అయితే ఎక్కువ తక్కువలు ఎక్కడినుంచి వచ్చాయి?

పాత సీసా చేతిలోకి తీసుకుని చూసింది. గింజలు తడిసిన పంచదారలా ముద్దకట్టి ఉన్నాయి. మూత సీసా మీద ఊరికే ఆనించి ఉంది. తిప్పి బిగించి లేదు. ఆ ల్యాబులో ఆ మూతను ఎవరూ బిగించరు. అది అక్కడి కట్టుబాటు. చాలాకాలం కిందట ఒకసారి మూత తిరిగే మరల్లో ఉప్పు గడ్డకట్టి మూత రాలేదు. పెద్దసారు గుడ్డ చుట్టి బలంగా తిప్పితే గాజు పగిలి అరచెయ్యి తెగింది, కుట్లు పడ్డాయి. ఇకమీదట ఉప్పు సీసా మూత ఎవరైనా బిగిస్తే ఊరుకోనని ఆయన ఆ రోజే ఆజ్ఞ వేశారు. తరవాత వచ్చినవాళ్లందరికీ ముందు నేర్పేది అదే. తూకం ఎలా వెయ్యాలో ఆ తరవాత.

ఈ ఉప్పుకు గాలిలో తడి ఎక్కడున్నా తాగేసే గుణం ఉంది. అది కోడలికి తెలియక కాదు. పుస్తకంలో చదివింది, పరీక్షలో రాసింది కూడా. ఆ సీసాను మాత్రం ఆ కళ్లతో ఎన్నడూ చూడలేదు.

ఆ ఉప్పు కొంచెం నీళ్లలో కరిగించి, రంగు వేసి, చుక్క చుక్కగా ఇంకో మందు వేస్తూ పోయింది. ఉప్పు ఉన్నంతసేపు ద్రాక్షపళ్ల ఎరుపులో ఉండి, ఉప్పంతా ఆ మందుకు చిక్కగానే నీలంగా మారుతుంది. కొత్త ఉప్పుకు పట్టినంత మందు పాతదానికి పట్టలేదు. చాలా ముందే నీలం వచ్చేసింది. తూకంలో మూడింట రెండు వంతులే ఉప్పు, మిగతాదంతా గాలినుంచి తాగిన నీళ్లు. అంటే వ్యాసంలో రాసినంత ఉప్పు ఆ గొట్టాల్లో లేనే లేదు. అవతలి ల్యాబు వాళ్లు వ్యాసంలో ఉన్నది ఉన్నట్టు చేశారు, అందుకే చెడింది.

పెద్దసారు గదికి వెళ్లింది. ఆయన కళ్లద్దాలు నుదుటి మీద పెట్టుకుని వాటికోసమే వెతుక్కుంటున్నారు.

"సార్, మన ఉప్పులో మూడో వంతు నీళ్లు."

"నీళ్లా? ఎలా వచ్చాయి?"

"మూత బిగించం కదా సార్."

ఆయన అరచెయ్యి తిప్పి మచ్చ చూసుకున్నారు. "బిగించొద్దన్నది నేనే."

"మీరే సార్."

"చెయ్యి తెగినవాడు ఇంకేం చెబుతాడు? అప్పుడే ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చుకుని ఉంటే ఇంత రాద్ధాంతం లేదు." నుదుటి మీది కళ్లద్దాలు కిందికి దించుకున్నారు. "పాత సీసాతో చేస్తే పనిచేస్తోందా?"

"శుభ్రంగా చేస్తోంది."

"అయితే దాంతోనే చేసి చూపించు. ఆ పిల్ల చూసింది చూసినట్టు వెళ్లి వాళ్ల బాస్‌కు చెబుతుంది. నీ ఇంటర్వ్యూ అయ్యాక తీరిగ్గా దిద్దుకుందాం. ఇందులో అబద్ధం ఏముందమ్మా? గొట్టం నిజంగానే వెలుగుతోంది కదా?"

కోడలు తన బల్ల దగ్గరికి వచ్చేసింది. వెలుగు నిజమే.

ఇంటికొచ్చి కూరగాయలు తరుగుతూ అత్తగారికి అంతా చెప్పింది. అబ్బాయి ఇంకా రాలేదు.

"నీ సారు చెప్పింది బాగానే ఉందిగా" అంది అత్తగారు. "అడిగితే చెప్పు, అడక్కపోతే ఊరుకో. సీసా మూత బిగించారా లేదా అని ఎవరడుగుతారు?"

"అది అడుగుతుంది అత్తయ్యా. అడక్కపోతే దానికా పేరెందుకొస్తుంది?"

"అయితే ఆ రోజుకు మూత బిగించి పెట్టు."

కోడలు కత్తి పక్కన పెట్టి నవ్వింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. "నన్ను తినేస్తున్నది మూత కాదు. మొదట్లో నాకు ఇది పనిచేసేది కాదు, గుర్తుందా? ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని."

"గుర్తులేకేం. అన్నం పెట్టుకుని తినేదానివి కాదు."

"తరవాత తరవాత కుదిరింది. నా చెయ్యి తిరిగిందనుకున్నాను. అందరూ అదే అన్నారు, దీని చెయ్యి మంచిది అని. కొత్తవాళ్లకు నన్ను చూసి నేర్చుకోమని చెప్పేవారు. చెయ్యి తిరగలేదు అత్తయ్యా. ఉప్పు తడిసింది. అది సరిగ్గా ఎంత తడవాలో అంత తడిసిన రోజుల్లో నేను అక్కడ ఉన్నాను, అంతే."

అత్తగారు కత్తి అందుకుని మిగతా కూరగాయలు తరిగింది. తరిగిన ముక్కలు నీళ్లలో వేసింది.

మర్నాడు అనుమానం వచ్చింది. చేతిలో ఐసు పెట్టె, వీపున సంచి. మనిషి చిక్కిపోయింది. వస్తూనే గది చుట్టూ చూసి, "ఏంటక్కా ఇంత శుభ్రంగా ఉంది? భయమేస్తోంది" అంది.

"నీకోసమే. కూర్చో."

"మంచినీళ్లివ్వు ముందు. ఇదేం నీళ్లు?"

"తాగే నీళ్లే. వాసన చూసుకుని తాగు."

వాసన చూసే తాగింది. కోడలు అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చి ఉంది. ఇంటర్వ్యూ అయ్యేదాకా ఆగుదాం, తరవాత తానే ఫోను చేసి అంతా చెబుదాం అని. పాత సీసా ఉప్పుతో ద్రావణం పొద్దున్నే కలిపి బల్ల మీద పెట్టింది. చేతికి తొడుగులు వేసుకుని గొట్టాలు వరసగా పేర్చడం మొదలుపెట్టింది.

"ఒక విషయం చెప్పనా అక్కా? నవ్వకూడదు" అంది అనుమానం ఐసు పెట్టె తెరుస్తూ. "నన్ను బల్ల దగ్గరికి రానివ్వడం మానేశారు."

"ఎవరు?"

"బాస్. పత్రికకు రాయకుండా నేను ఆపేసరికి, ఆర్నెల్లుగా అదే చేస్తున్నావు, అయితే నీ చెయ్యే మంచిది కాదు అన్నారు. ఇప్పుడు గాజుసామాను కడుగుతున్నాను, సామాన్లు తెప్పిస్తున్నాను. ఇవాళ నీ దగ్గర కూడా చెడితే తప్పు వ్యాసానిది. ఇక్కడ బాగా వస్తే తప్పు నాది. అప్పుడు నన్నుంచుకోరు. ముందే చెప్పేశారు." మామూలుగానే చెప్పింది, పోగులున్న గొట్టాలు ఒక్కొక్కటే బయటికి తీస్తూ. "అయినా చేద్దాం. నాకూ తెలియాలి కదా, నా చెయ్యి ఎలాంటిదో."

కోడలి చేతిలో చుక్కలు కొలిచి పోసే పిప్పెట్టు ఉంది. ద్రావణంలో ముంచి పీల్చేసింది కూడా. ఆ చుక్కను గొట్టంలో వెయ్యలేదు. తిరిగి సీసాలోకి వదిలేసి, తొడుగులు తీసేసింది.

"నీ చెయ్యి బాగానే ఉంది" అంది. "ఇలా రా."

రెండు సీసాలూ పక్కపక్కన పెట్టింది. మూత సంగతి, నీళ్ల సంగతి, ద్రాక్షరంగు నీలం అయిన సంగతి, పెద్దసారు అన్న మాట, తాను పొద్దున్న కలిపిన ద్రావణం, ఏదీ దాచకుండా వరసగా చెప్పింది.

అనుమానం ఐసు పెట్టె మూత మూసేసింది. ముఖం ఎర్రబడింది.

"ఆర్నెల్లు అక్కా."

"అవును."

"రోజూ తిట్లు తిన్నాను."

"అవును."

"ఇవాళ కూడా చెప్పకుండా చేసేసేదానివే."

"చేసేసేదాన్నే. నువ్వు గాజుసామాను మాట ఎత్తకపోతే."

అనుమానం లేచి కిటికీ దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. పాత సీసా తీసుకుంది. మూత ఎత్తి లోపలికి చూసింది. వాసన చూసింది. ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది, కళ్లలో నీళ్లు తిరుగుతుండగానే.

"దీని మూత నేను కూడా బిగించలేదక్కా, ఇక్కడున్నన్నాళ్లూ. సారు చెప్పారని. ఈ ల్యాబులో అన్నిటినీ వాసన చూశాను, దీన్ని తప్ప."

"దీనికి వాసనుండదు."

"ఉండదని చూస్తేగా తెలిసేది!"

ఆ రోజంతా ఇద్దరూ కలిసి చేశారు. కొత్త ఉప్పు తీసుకుని, ఒక గొట్టంలో కొంచెం, పక్కదాంట్లో ఇంకాస్త, ఆ పక్కదాంట్లో మరికాస్త, అలా మెట్లుమెట్లుగా వేశారు. ఒకసారి కోడలు పోసింది, ఒకసారి అనుమానం పోసింది. ఎవరు పోసినా ఒకటే వచ్చింది. తక్కువ ఉప్పున్నవి సాయంత్రందాకా తేల్చలేదు. ఎక్కువున్నవి మొదటినుంచీ అబద్ధమాడాయి. మధ్యలో రెండు మెట్లు మాత్రం అరగంటలో నిజం చెప్పాయి. వేడి దిమ్మను కొంచెం పెంచి మళ్లీ చేస్తే ఆ రెండు మెట్లూ అక్కడినుంచి జరిగిపోయాయి, ఇంకొంచెం ఎక్కువ ఉప్పు అడిగాయి. అంటే గొట్టం పనిచేస్తుంది, కానీ వ్యాసంలో గొప్పగా రాసుకున్నట్టు ఎక్కడపడితే అక్కడ కాదు. సన్నని సందులోంచి మనిషి పక్కకు తిరిగి దూరినట్టు, ఇంత వేడికి ఇంతే ఉప్పు అని చూసుకుంటేనే.

"చాలా ఇరుకు సందే అక్కా" అంది అనుమానం యంత్రం గీసిన గీతలు చూస్తూ.

"ఇరుకే. కానీ ఉంది."

పక్కరోజు ఇద్దరూ పెద్దసారు దగ్గరికి, పత్రికకు పంపాల్సిన దిద్దుబాటు కాగితం తీసుకెళ్లారు. ఆయన మొదట చదవనన్నారు. తరవాత చదివారు. "ఇంటర్వ్యూ పోతుందమ్మా" అన్నారు కోడలితో. ఆమె కాగితం ఆయన ముందుకు జరిపింది. ఆయన కలం తీసి, సీసా మూత వదులుగా ఉంచడం తన ఆదేశం అన్న వాక్యం తన చేత్తోనే చేర్చి, సంతకం పెట్టారు. ఆ వాక్యాన్ని పత్రికవాళ్లు తీసేశారు, అలాంటివి అక్కడ వెయ్యరట. అనుమానం పేరు మూడోదిగా చేరింది. వాళ్ల బాస్ దాన్ని చదివి ఆమెను మళ్లీ బల్ల దగ్గరికి రమ్మన్నాడు. క్షమించమని మాత్రం అనలేదు.

ఇంటర్వ్యూలో నలుగురు కూర్చున్నారు. వాళ్లలో ఒకాయన దిద్దుబాటు కాగితం ముందేసుకుని, "మీ ఫలితం తప్పని మీరే రాసుకున్నారా?" అని అడిగాడు.

"ఫలితం తప్పు కాదండీ. రాసిన ఉప్పు తప్పు."

"ఎన్నాళ్లకు తెలిసింది?"

"చాలా ఆలస్యంగా తెలిసిందండీ."

"ఎక్కడైనా పనిచేస్తుందని రాశారు. ఇప్పుడు చెయ్యదంటారా?"

"జాగ్రత్తగా చేస్తే చేస్తుంది. ఎక్కడైనా అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను."

ఉద్యోగం ఇంకొకాయనకు ఇచ్చారు. ఆమెకు ఇంకో ఏడాది పొడిగించారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పినప్పుడు అత్తగారు ఆ నలుగురినీ కడుపునిండా తిట్టింది. "వాళ్లింట్లో ఒక్క సీసాకీ మూత సరిగ్గా ఉండి ఉండదు, ఎవరైనా వెళ్లి చూశారా?" అంది. అబ్బాయి వచ్చి భార్య పక్కన కూర్చుని చెప్పులు విప్పుకున్నాడు. కోడలు అన్నం తిని పడుకుంది. పొద్దున్నే లేచి ల్యాబుకు వెళ్లింది.

ఇప్పుడు ఆమె చేస్తున్న పని ఉప్పు కాస్త ఎక్కువైనా తక్కువైనా, గది చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా తొణకని పోగులు తయారుచెయ్యడం. అనుమానం అక్కడ, ఈమె ఇక్కడ, ఒకే వరస గొట్టాలు రెండు గదుల్లో పెట్టి ఫోనులో పోట్లాడుకుంటూ చేస్తున్నారు. నిన్నటికి ఇంకా కుదరలేదు. ఎక్కడో మూడో పోగు దగ్గర చెడుతోందట.

— బుల్లెమ్మ, అరవై తొమ్మిదేళ్లు. కొడుకూ కోడలితో, మందుల షాపు మీద రెండో అంతస్తులో ఉంటున్నాను.